జైలు గోడకు రంగు వేయాలంటే: నెల్లూరు, ఒంగోలు గాలికి తగిన పద్ధతి

జైలు గదికి రంగు ఎంచుకోమంటే చాలామంది షేడ్ కార్డు తెరిచి, మనసును శాంతపరిచే రంగు ఏదా అని వెతుకుతారు. పని పక్కదారి పట్టేది అక్కడే. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురును గది చివరిదాకా మోయడం, మనిషి ఎక్కడున్నాడో వార్డరుకు కనబడనివ్వడం, మాసినా గీసినా చవగ్గా సరిచేసుకోనివ్వడం: జైల్లో రంగు చేయగలిగింది ఇంతే. ఈ పనులు సరిగ్గా జరిగితే గదిలో ఉండేవాళ్లకు ఊరట దానంతట అదే దొరుకుతుంది. ఇవి జరగకపోతే ఎంత చల్లటి రంగు వేసినా ఆరు నెలల్లో అది పెచ్చులూడుతున్న గోడే.

గులాబీ రంగు మాట ముందే తేల్చేద్దాం, ఎందుకంటే ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు దాన్ని తెస్తారు. అమెరికాలోని సియాటిల్ నౌకాదళ జైల్లో 1979లో అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడి సూచన మేరకు ఒక సెల్‌కు ముదురు గులాబీ వేశారు. నాలుగు లీటర్లకు కాస్త తక్కువ తెల్ల లేటెక్స్ పెయింటులో అర లీటరుకు కాస్త తక్కువ ఎర్ర పెయింటు, అంటే ఎనిమిదికి ఒకటి పాళ్లు. అక్కడి ఇద్దరు అధికారుల పేర్ల మీద దానికి బేకర్-మిల్లర్ పింక్ అని పేరొచ్చింది. కొట్లాటలు తగ్గాయని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. స్విట్జర్లాండ్ జైలు సెల్‌లలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలోనూ గులాబీ సెల్‌కూ తెల్ల సెల్‌కూ మధ్య కోపతాపాల్లో తేడా కనబడలేదు. పైగా మగ ఖైదీలకు అది ఎగతాళిలా అనిపించొచ్చు. కాబట్టి గులాబీని మందులా భావించి డబ్బు పెట్టొద్దు.

ముందు గదిని మూడు వేళల్లో చూడండి

ఉదయం పది గంటలకు, సాయంత్రం నాలుగింటికి, లాకప్ అయ్యి లైట్లు వేశాక. మూడుసార్లూ అదే చోట నిలబడి చూసి, ఏ మూల చీకటిగా ఉందో, ఏ కిటికీ కళ్లల్లోకి కొడుతోందో ప్లాను కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఒక్క మధ్యాహ్నం వెళ్లి చూసి రంగు నిర్ణయిస్తే రాత్రి వార్డరు చూసే గది మీరు చూసిన గది కాదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 14వది, ఖైదీ పగటి వెలుతురులో చదువుకోగలిగేంత పెద్ద కిటికీ ఉండాలంటుంది. ఉన్న కిటికీని మీరు పెద్దది చేయలేకపోవచ్చు. దాని వెలుతురును పెంచడం మాత్రం రంగు చేతిలో ఉంది.

అదే తిరుగుడులో గోడ కింది మూడు నాలుగు అడుగులు ఎలా ఉన్నాయో చూడండి. ఖైదీలు గోడకు ఆనుకుని కూర్చునే ఎత్తులో, అంటే నేల నుంచి రెండున్నర మూడు అడుగుల దగ్గర, తలనూనె మరకలు వరుసగా ఉంటాయి. ఇంకాస్త పైన దోమల్ని చంపిన మరకలు, గోటితోనో చెంచా కాడతోనో గీసిన పేర్లు, రోజుల లెక్క గీతలు. ఏ ఎత్తు వరకు మనిషి చేయి తగులుతోందో ఆ మరకలే చెబుతాయి. గోడ కింది భాగానికి వేరే రంగుతో వేసే పట్టీ ఎత్తు వాటిని బట్టి పెట్టాలి, డ్రాయింగు అందాన్ని బట్టి కాదు. చాలా బ్యారక్‌లలో 4 అడుగులు సరిపోతుంది. కారిడార్లలో 5 పెట్టండి.

చెమ్మ, చౌడు సంగతి తేల్చకుండా డబ్బా మూత తీయొద్దు

ఈ ప్రాంతంలో రంగు చెడేది ముందు ఉప్పు వల్లే. నెల్లూరు దగ్గర చెముడుగుంటలో ఉన్న కేంద్ర కారాగారం గానీ, ఒంగోలు, కావలి, గూడూరు వైపు సబ్‌జైళ్లు గానీ సముద్రానికి మరీ దూరం కావు. ఉప్పు గాలికి తోడు ఉప్పు బోరు నీళ్లతో కట్టిన గోడలూ ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పునాదిని నానబెడతాయి. జనవరిలో ఎండ తగలగానే ఆ తేమ ఉప్పును మోసుకుని బయటికొస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ దారి మూసేస్తే ఉప్పు పొర వెనకే గట్టిపడి, పెయింటును బుడగల్లా లేపి, రేకులు రేకులుగా రాలుస్తుంది. మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు వైపు సముద్రపు గాలి లేదు, అయితే బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. దానికి తోడు గాలికి ఎగిరే దుమ్ము.

పరీక్ష తేలిక. అడుగున్నర చదరం పాలిథిన్ షీటు గోడకు పెట్టి నాలుగంచులూ టేపుతో గట్టిగా అంటించండి. కనీసం 16 గంటలు వదిలి తీసి చూడండి. వెనక నీటి ముత్యాలు పట్టినా గోడ రంగు ముదిరినా తేమ ఇంకా ఉన్నట్టే. కొత్త సిమెంటు ప్లాస్టరు అయితే కనీసం 28 రోజులు ఆగాలి, వానాకాలం చేసిందైతే ఇంకా ఎక్కువ. ఆగకుండా ఆయిల్ ఎనామెల్ వేస్తే పచ్చి సిమెంటులోని క్షారం నూనెను సబ్బుగా మార్చేస్తుంది. చేయి పెడితే జిగటగా, వేలితో గీకితే ఊడి వచ్చే పట్టీ అదే.

గోడ ఇటుక, సున్నపు మోర్టారుతో కట్టిన పాతదైతే దారి వేరు. తాలూకా కచేరీల ఆవరణల్లో మిగిలిన పాత సబ్‌జైళ్లలో అలాంటి గోడలు కనిపిస్తాయి. సున్నపు గోడ ఊపిరి పీల్చుకుంటుంది, తేమను లోపలికి తీసుకుని బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరు, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేయడం అంటే నోరు మూసి కట్టడమే. ఇలా చేయండి:

ముందు పైనున్న ప్లాస్టిక్ పెయింటు మొత్తం గీకించండి. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, కింద పట్టా పరిచి, ఆ పొడిని బయట పారబోయండి. నీళ్లతో కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు సార్లు దులిపాక పూత తగ్గుతుంది. తగ్గలేదంటే నీరు ఎక్కడినుంచో వస్తోందన్నమాట. డాబా మీది నీటి గొట్టం, బాత్రూము గోడ, బయట గోడకు ఎగదోసిన మట్టి చూడండి. కింది ప్లాస్టరు గుల్లబారి ఉంటే కొట్టేసి, సున్నం ఒకటికి ఇసుక మూడు పాళ్లతో మళ్లీ పూయించండి. ఇసుక ఏటిది కావాలి, తీరం ఇసుక వద్దు.

తర్వాత సున్నం. కిలో రాతి సున్నానికి సుమారు 5 లీటర్ల మంచి నీళ్లు పోసి నాననిచ్చి, పలుచటి గుడ్డతో వడగట్టండి. జిగురును వేడినీళ్లలో కరిగించి కలపండి, తెలుపు పసుపుబారకుండా నీలిమందు చిటికెడు. పలుచగా మూడు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు. ఒక్కటే చిక్కటి కోటు వేస్తే పగిలి రాలుతుంది. రంగు కావాలంటే సున్నానికి తట్టుకునే మట్టి రంగులే వాడాలి. పసుపు మట్టి రంగు, జేగురు, ఇనుప ఆక్సైడ్ పొడులు పనికొస్తాయి. సున్నం బరువులో పదో వంతు మించితే చేతికి అంటుతుంది. తడిగా ఉన్నప్పుడు కనబడే రంగు ఆరాక సగానికి సగం పాలిపోతుంది. అందుకని గోడ మీద ఒక చదరం వేసి, మరుసటి రోజు చూశాకే పాళ్లు ఖాయం చేయండి.

సున్నం వీపుకు అంటుతుందని ఖైదీల ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది, నిజమే. కింది పట్టీకి పొటాషియం సిలికేట్ పెయింటు వాడితే గోడ ఊపిరీ ఆగదు, తుడిచినా పోదు. ఖరీదెక్కువ, ఊళ్లో దొరకడమూ కష్టం. డబ్బు లేకపోతే ఆ నాలుగడుగులూ ఏటా సున్నం వేయించడమే మేలు. ఎనామెల్ వేసి ఏటా గీకించే ఖర్చు అంతకంటే ఎక్కువ.

రంగు పేరు కాదు, వెలుగు అంకె చూడండి

షేడ్ కార్డు మీద రంగు పేరు, కోడ్‌తో పాటు ఎల్‌ఆర్‌వి అనే అంకె చాలా కంపెనీలు ఇస్తాయి. పడిన వెలుతురులో నూటికి ఎంత తిరిగి వస్తుందో అది చెబుతుంది. 80 ఉన్న గోడకు రెండుసార్లు తగిలి వచ్చిన వెలుతురు 64 పాళ్లు మిగులుతుంది. 40 ఉన్న గోడకైతే 16 పాళ్లే. కిటికీకి దూరంగా పడుకునే మనిషి దగ్గరికి చేరేది ఇలా తగిలి తగిలి వచ్చిన వెలుతురే. లేత నీలం, లేత ఆకుపచ్చ, మీగడ రంగు అన్న వాదన కంటే ఈ అంకె పెద్దది.

సీలింగు: 80కి తగ్గని మ్యాట్ (మెరుపు లేని) తెలుపు. పై గోడ: 60 నుంచి 75. కింది పట్టీ: 30 నుంచి 45. నేల: 20 నుంచి 40. తలుపు చట్రం, గేటు, మెట్టు అంచు లాంటివి పక్కదానికంటే 30 అంకెలు అటో ఇటో ఉండాలి. చూపు మందగించిన పెద్ద వయసు ఖైదీకి అప్పుడే అవి విడిగా కనబడతాయి. అంకె తెలియకపోతే, నమూనా పక్కన తెల్ల కాగితం పెట్టి నీడలో ఫోటో తీసి నలుపు-తెలుపులోకి మార్చండి. రెండు రంగులు ఒకే బూడిదలా కనబడితే అవి పక్కపక్కన వేయడానికి పనికిరావు.

కింది పట్టీకి ముదురు గోధుమ వేసే అలవాటు పాతది. మురికి కనబడదని. మురికి కనబడకపోవడమే దాని తప్పు. నల్లుల మచ్చలు, బొద్దింకల గుంపు, గోడలో తవ్విన చిన్న బొరియ, ఏదీ కనబడదు. మరీ లేతగా వేస్తే నూనె మరక నెలకే అసహ్యంగా ఉంటుంది. బూడిద కలిసిన ఆకుపచ్చ గానీ, మట్టి కలిసిన లేత ఇటుక రంగు గానీ మధ్యస్థంగా ఉంటాయి. పట్టీకి సాటిన్ మెరుపు చాలు. అద్దంలా మెరిసే గ్లాసీ వేస్తే ట్యూబులైటు గోడలో కనబడి కళ్లను కొడుతుంది, రాత్రి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగూ అక్కడే తెల్లగా వెలిసిపోతుంది.

కెమెరా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. శిక్ష పడ్డ ఖైదీల దుస్తులు తెలుపు. నేల నుంచి సీలింగు దాకా తెల్ల గోడ ఉంటే కూర్చున్న మనిషి గోడలో కలిసిపోతాడు. మధ్యస్థ పట్టీ అక్కడ కూడా ఉపయోగపడుతుంది.

పార్టీ రంగుల జోలికి పోవద్దు. పంచాయతీ కార్యాలయాలకు వేసిన పార్టీ రంగుల వ్యవహారం 2020లో హైకోర్టు, అక్కడినుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, తీసేయాల్సి వచ్చిన రాష్ట్రం మనది. పసుపు పట్టీ గానీ, నీలం-తెలుపు-ఆకుపచ్చ వరుస గానీ మీరు ఏ ఉద్దేశంతో వేసినా చూసేవాళ్లు తమ అర్థం తాము తీసుకుంటారు. ప్రభుత్వం మారితే రంగు మార్చమని ఫైలు కదులుతుంది. కాషాయం, చిలకపచ్చ విషయంలోనూ అంతే జాగ్రత్త. మూడు అడ్డ చారలు అసలే వద్దు, జెండా గుర్తొస్తుంది.

మూడు అడుగుల చదరపు నమూనాలు గోడ మీదే వేయించి, ముందు చెప్పిన మూడు వేళల్లో మళ్లీ చూడండి. 6500 కెల్విన్ (నీలిఛాయ) తెల్ల ఎల్‌ఈడీ కింద లేత నీలం శవం రంగులోకి దిగిపోతుంది. లైట్లు మార్చే అవకాశం ఉంటే 4000 కెల్విన్, సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 80కి తగ్గనివి అడగండి. మార్చలేకపోతే గోడను వెచ్చటి వైపు, అంటే మీగడ, లేత గంధం వైపు జరపండి.

గది గదికీ తేడా

బ్యారక్ పొడుగ్గా ఉంటుంది. కిటికీలున్న పొడుగు గోడలు లేతగా ఉంచి, చివరి పొట్టి గోడ ఒక్కటి మాత్రం 45-50 అంకె ఉన్న రంగుతో వేయండి. పొడుగు కాస్త తగ్గినట్టు కనబడుతుంది, ఏ బ్యారక్‌లో ఉన్నామో గుర్తుంటుంది. బ్యారక్‌కో రంగు ఆ ఒక్క గోడకే, మిగతా అంతా అన్నింటికీ ఒకటే. లేకపోతే స్టోరులో పాతిక రకాల డబ్బాలు పేరుకుంటాయి.

సెల్‌లో ముందు కిటికీ పక్కలు చూడండి. మందపు గోడలో కిటికీ చుట్టూ ఉండే ఆ అడుగు, అడుగున్నర లోతు పక్కలకు స్వచ్ఛమైన తెలుపు వేస్తే చాలు, లోపలికి వచ్చే వెలుతురు మెత్తబడి పరుచుకుంటుంది. అర లీటరు పెయింటు పని. తర్వాత ఊచలు. నల్ల ఊచల వెనక మే నెల ఆకాశం ఉంటే చూసినవాడి కళ్లు చిట్లుతాయి. ఊచలకు లేత బూడిద వేస్తే ఆ తేడా తగ్గుతుంది. భద్రతకూ అదే మంచిది. నల్ల ఊచను రంపంతో కోసి సబ్బూ మసీ నింపితే పైకి తెలియదు, లేత రంగు మీద గీత పడగానే కనబడుతుంది. ఊచలు తట్టి చూసే వార్డరుకు కళ్లు కూడా సాయం చేస్తాయి. ముందు తుప్పు గీకి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయాలి. ఉప్పు గాలిలో ప్రైమర్ లేని ఊచ ఒక వానాకాలం దాటదు.

ములాఖత్ (ఖైదీని కలిసే) గదిలో మధ్య ఇనుప జాలి ఉంటే లెక్క తిరగబడుతుంది. జాలికి మ్యాట్ నలుపే వేయాలి. తెల్ల జాలి వెలుతురును కళ్లల్లోకి తిప్పికొడుతుంది, అవతలి మనిషి మొహం మసకేస్తుంది. నల్ల జాలిలోంచి చూపు దూరిపోతుంది. ఊచకు లేత, జాలికి నలుపు: పెయింటరు రెండింటికీ ఒకే డబ్బా వాడేస్తాడు, దగ్గరుండి చూసుకోండి. మాట్లాడే మనిషి వెనక గోడ కూడా మరీ తెల్లగా ఉండకూడదు. 40-50 అంకె చాలు. వెనక వెలుగు ఎక్కువైతే మొహం నీడలా మిగులుతుంది. పదిహేను రోజులకోసారి బిడ్డ మొహం చూడటానికి కందుకూరు నుంచో దర్శి నుంచో బస్సెక్కి వచ్చిన తల్లికి ఆ మొహమే కావాలి.

ఆసుపత్రి గదికి ఆకుపచ్చ, పసుపు రెండూ వద్దు. గోడ రంగు చర్మం మీద పడుతుంది. పసుపు గదిలో కామెర్లు పట్టుకోవడం, ఆకుపచ్చ గదిలో రక్తహీనత గుర్తించడం కష్టం. బూడిద కలిసిన తెలుపు వేసి ఊరుకోండి.

వంటశాలలో ఏడడుగుల వరకు తెల్ల టైల్సు, పైన సున్నం. మసి, ఆవిరి ఉన్నచోట ప్లాస్టిక్ పెయింటు సొగసు మూణ్ణాళ్లే. మరుగుదొడ్లలో తెల్ల టైలు మీద బోరు నీటి మరకలు పసుపు చారలుగా దిగుతాయి, అందుకని లేత బూడిద టైలు.

మహిళల విభాగమనగానే గులాబీ, పువ్వులు అనే అలవాటు మానండి. అక్కడ పట్టించుకోవాల్సింది పిల్లల్ని. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆరేళ్ల వరకు పిల్లలు జైల్లో తల్లి దగ్గర ఉండొచ్చు. ఆ కేసులో రెండో పక్షం మన రాష్ట్రమే. పిల్లలకు రంగు కావాల్సింది వాళ్ల కంటి ఎత్తులో, అంటే నేల నుంచి రెండు మూడు అడుగుల్లో, సీలింగు దగ్గర కాదు. గోడను నాకే వయసు అది. 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం గృహ, అలంకరణ పెయింటుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 మించకూడదు. డబ్బా మీద ఆ మాట చూసి కొనండి. ప్రమాదం ఎక్కువ పాత పొరల్లో, ముఖ్యంగా పాత పసుపు, ఎరుపు ఎనామెల్‌లో ఉంటుంది. వాటిని పొడి ఎమరీతో రుద్దితే దుమ్ము గది నిండా పరుచుకుంటుంది. నీళ్ల ఎమరీతో తడిపి రుద్ది, ముద్దను తీసి పారేయాలి.

ఒంటరి సెల్‌కు నాలుగు గోడలూ ఒకే తెలుపు వేయడం చాలామంది శుభ్రత అనుకుంటారు. ఇరవై మూడు గంటలు అందులో ఉండేవాడికి కన్ను ఆనే చోటే ఉండదు. మిగతా గదులకంటే అక్కడే తేడా ఎక్కువ కావాలి. ఒక గోడ వేరే రంగు, పట్టీ అంచు గీత, తలుపు చట్రం ఇంకో ఛాయ. తలుపులోంచి కనబడే గోడ మాత్రం మధ్యస్థంగా ఉంచండి, మనిషి ఆకారం స్పష్టంగా తెలియాలి.

దారి గుర్తులకు ఎరుపు, ఆకుపచ్చ జంట నమ్ముకోవద్దు. ఆ రెంటి తేడా తెలియనివాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే, జైల్లో ఉండేదీ ఎక్కువగా మగవాళ్లే. నీలం, పసుపు కలిసిన నారింజ జంట వాడి, పక్కన పెద్ద అంకె గానీ బొమ్మ గానీ పెట్టండి. చదువు రానివాళ్లకు బొమ్మే దారి. అక్షరం ఎత్తు పది అడుగుల దూరానికి అంగుళం లెక్క. నలభై అడుగుల కారిడార్ చివరి నుంచి కనబడాలంటే నాలుగు అంగుళాలు.

నేల గురించి ఒక్క మాట. చీమకుర్తి నల్ల గ్రానైటు పక్కనే దొరుకుతుందని పాలిష్ పట్టి పరచాలని సరదా పడతారు. వెలుతురు మింగేస్తుంది, కిటికీని అద్దంలా చూపిస్తుంది, తడిస్తే జారుతుంది. మార్కాపురం పలకరాయి జారదు కానీ అదీ నలుపే. లేత రంగు బండ ఏదైనా పాలిష్ లేకుండా వేస్తే అన్నివిధాలా నయం.

సరుకు లెక్క

జైళ్ల మాదిరి మాన్యువల్ 2016 బ్యారక్‌లో ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్లు, బ్యారక్‌కు 20 మంది అంటుంది. అంటే దాదాపు 800 చదరపు అడుగులు. 40 అడుగుల పొడుగు, 20 వెడల్పు, 14 ఎత్తు అనుకుంటే గోడలు 1,680. కిటికీలు, గేటు తీసేస్తే సుమారు 1,420. అందులో 4 అడుగుల పట్టీ 460, పై గోడ 960, సీలింగు 800.

గరుకు గోడకు కంపెనీ చెప్పిన కవరేజీ రాదు. రెండు కోట్లకు లీటరు ఎమల్షన్ 100 చదరపు అడుగులని పట్టండి. పై గోడకు 10 లీటర్లు, సీలింగు తెలుపు 8 లీటర్లు. ప్రైమర్ ఒక కోటు లీటరుకు 100 లెక్కన అన్నింటికీ కలిపి 22 లీటర్లు. పట్టీకి నీటితో పలుచన చేసే ఎనామెల్ రెండు కోట్లకు లీటరుకు 60 లెక్కన 8 లీటర్లు. మరమ్మతుల కోసం ప్రతి రంగులో అదనంగా లీటరు. టెండరులో ఎమల్షన్‌కు ఐఎస్ 15489, డిస్టెంపర్‌కు ఐఎస్ 428 అని రాయండి, కంపెనీ పేరు రాయాల్సిన పని ఉండదు.

పుట్టీ సంగతి జాగ్రత్త. ఇంటి గోడకు రెండు కోట్ల పుట్టీ అందం, జైలు గోడకు అది గోరుతో తవ్వే మెత్తటి పొర. బ్లేడు ముక్క, బీడీ, సిమ్ కార్డు దాచి, పళ్లపొడి ముద్దతో మూసేస్తారు. ఏడడుగుల ఎత్తు వరకు పుట్టీ అసలు వద్దు. పగుళ్లను సిమెంటు మోర్టారుతో, పాత గోడైతే సున్నంతో నింపి నునుపు చేయండి.

పని జరిపించడం

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఉగాది లోపు ముగించండి. కార్తీకంలో గోడ ఆరదు. రోహిణి కార్తెలో రోలర్ తిప్పేలోపే పెయింటు ఆరిపోయి అతుకుల గీతలు పడతాయి.

బ్యారక్ ఖాళీ చేసే వీలు చాలాచోట్ల ఉండదు. సగం సగం చేయాలి. ఉదయం తాళం తీయగానే గీకుడు, ప్రైమర్. మధ్యాహ్నానికి ఎమల్షన్ తొలి కోటు. నాలుగింటికి చీపుళ్లు, పట్టాలు బయటికి. సాయంత్రం లాకప్ అయితే రాత్రంతా ఆ గాలే పీల్చాలి. అందుకే టర్పెంటైన్ కలిపే ఆయిల్ ఎనామెల్ వద్దంటున్నాం. తప్పనిసరై వాడితే ఆ గదిలో రెండు రాత్రులు ఎవర్నీ పడుకోబెట్టొద్దు. థిన్నర్ మంటకు, మత్తుకు కూడా పనికొస్తుందని జైలు సిబ్బందికి చెప్పక్కర్లేదు. ఆ రోజుకు కావలసినంతే లోపలికి రావాలి.

ఖైదీల చేతే పని చేయిస్తే మంచిదే, కూలీ దక్కుతుంది, పని వస్తుంది. స్క్రేపర్లు, బ్రష్‌లు, రోలరు కడ్డీలు, డబ్బా మూతలు, హ్యాండిల్ తీగలు లోపలికి వెళ్లేటప్పుడు ఎన్నో, బయటికి వచ్చేటప్పుడూ అన్నే ఉండాలి. తీగల్ని ముందే తీయించేస్తే లెక్క తగ్గుతుంది. నిచ్చెన రాత్రి లోపల ఉండకూడదు.

పెయింటులో కలిపే నీళ్లు తాగే నీళ్లే కావాలి. ఉప్పు బోరు నీళ్లు కలిపితే పెయింటు ముద్దలు కడుతుంది, ఆరాక తెల్ల పూత తేలుతుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే పోయాలి. రెండు కోట్ల పెయింటును నీళ్లతో మూడు కోట్లు చేసే చాకచక్యం కొందరు కాంట్రాక్టర్లకు ఉంటుంది. పని మొదట్లో, మధ్యలో డబ్బాల్ని లెక్కపెట్టి, ఖాళీ డబ్బాలకు గుర్తు వేయించండి.

పట్టీ పై అంచును మాస్కింగ్ టేపుతో వేయించి, టేపును పెయింటు పూర్తిగా ఆరకముందే తీయించండి. ఆరాక లాగితే అంచు కూడా లేచి వస్తుంది, ఆ లేచిన అంచు పట్టుకునే మరుసటి రోజు ఎవరో మొత్తం ఒలిచేస్తారు. అంచున రెండంగుళాల ముదురు గీత పెడితే మరమ్మతు చేసినప్పుడు అతుకు కనబడదు.

పని అయ్యాక ప్రతి గది రంగు కోడ్, మెరుపు రకం, బ్యాచ్ నంబరు, తేదీ ఒక కాగితం మీద రాసి స్టోరు తలుపు లోపలి వైపు అంటించండి, నకలు సూపరింటెండెంట్ ఫైల్లో. మిగిల్చిన లీటరు డబ్బా మూత చుట్టూ టేపు వేసి, తలకిందులుగా పెట్టి, నీడలో ఉంచండి. గోడ మీద గీత పడిన వారంలోపు దిద్దండి. దిద్దేటప్పుడు మచ్చ వరకే పూయకుండా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, పట్టీ అంచు వరకు పూయండి. వానలు తగ్గాక జనవరి మొదటి వారంలో పాలిథిన్ షీటు తీసుకుని మళ్లీ కింది మూడడుగుల దగ్గర మొదలుపెట్టాలి.